రక్తనాళాన్ని లోపలి నుండి మూసే జెల్ వైద్యం: రోగి కుటుంబ సభ్యులకు ఒక పాఠం



పన్నెండేళ్లపాటు రక్తస్రావంతో బాధపడిన ఒక స్త్రీ గురించి సువార్తలలో చదువుతాము. ఎందరో వైద్యుల దగ్గరకు తిరిగింది. చేతిలో ఉన్నదంతా ఖర్చయిపోయినా ఆమెకు గుణం కనిపించలేదు. రక్తం పోతూ ఉంటే మనిషి ఎంత నీరసిస్తాడో, ఆ కుటుంబం ఎంత చితికిపోతుందో ఆ వృత్తాంతం చెబుతుంది. ఈనాటి ఆసుపత్రులలో కూడా అలాంటి కుటుంబాలు కనిపిస్తూనే ఉంటాయి. కాన్పు తరువాత రక్తం ఆగని తల్లి, దగ్గినప్పుడల్లా రక్తం పడే పాత టీబీ రోగి, రోడ్డు ప్రమాదంలో కటి ఎముకలు విరిగి లోలోపల రక్తం పోతున్న యువకుడు. వీరి బంధువుల చేతికి ఒక కాగితం ఇచ్చి, "ఎంబొలైజేషన్ చేయాలి, రక్తనాళాన్ని మూసేయాలి, సంతకం పెట్టండి" అని అడుగుతారు.

రక్తనాళాన్ని మూసేయడం అనగానే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. రక్తనాళం మూసుకుపోతే గుండెపోటు వస్తుందని, పక్షవాతం వస్తుందని విన్నాము కదా! మరి డాక్టర్లే కావాలని మూసేయడమేమిటి? ఈ అనుమానం రావడం సహజం. ఆ కాగితం మీద సంతకం పెట్టవలసిన మీ కోసమే ఈ పాఠం. ఇందులో ముఖ్యంగా మూడు ప్రశ్నలకు జవాబులు చూద్దాము.

1. ఏ రక్తనాళాన్ని మూస్తారు?
2. ఎంతకాలం మూసి ఉంచుతారు?
3. మూసిన తరువాత ఏమి చేయాలి?

ఈ మూడూ అర్థమైతే మీరు సంతకం భయంతో కాక తెలివితో పెడతారు.

ఎంబొలైజేషన్ అంటే ఏమిటి?

పొలంలో ఒక మడికి గండి పడి నీళ్లు వృథాగా పోతున్నాయనుకోండి. గండి దగ్గర మట్టి వేసి పూడ్చవచ్చు. కానీ నీటి వడికి ఆ మట్టి నిలవకపోతే రైతు ఏమి చేస్తాడు? వెనక్కి నడిచి వెళ్లి, ఆ మడికి నీరు తెచ్చే బోదెకే అడ్డుకట్ట వేస్తాడు. పెద్ద కాలువ జోలికి పోడు. పక్క మడులకు నీరు పారుతూనే ఉంటుంది. ఎంబొలైజేషన్ కూడా అలాంటిదే. రక్తం కారుతున్న చోటికి రక్తాన్ని తెచ్చే చిన్న నాళం వరకు సన్నని గొట్టంతో లోపలి నుండే వెళ్లి, ఆ ఒక్క నాళాన్ని మూసేస్తారు. కడుపు కోయడం, రొమ్ము తెరవడం ఉండదు.

ఈ దారిని సులువు చేసినవాడు స్వీడన్ దేశపు డాక్టరు స్వెన్ ఐవర్ సెల్డింగర్. చర్మం మీద చిన్న సూది రంధ్రం చేసి, తీగ సాయంతో సన్నని గొట్టాన్ని రక్తనాళంలోకి పంపే పద్ధతిని ఆయన 1953లో ప్రకటించాడు. ఆ తరువాత 1972లో అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో జోసెఫ్ రోష్, చార్లెస్ డాటర్ అనే డాక్టర్లు, తమ సహచరుడితో కలిసి, కడుపులో రక్తం కారుతున్న రోగికి ఈ గొట్టం ద్వారానే నాళాన్ని మూసి రక్తం ఆపినట్లు ప్రచురించారు. వారు వాడినది ఏమిటో తెలుసా? ఆ రోగి సొంత రక్తపు గడ్డనే. అది పనిచేసింది. కానీ రక్తపు గడ్డను శరీరం తొందరగానే కరిగించేస్తుంది. అందుకే అంతకంటే నమ్మకమైన పదార్థం కోసం వెతుకులాట మొదలైంది. ఆ వెతుకులాటలో దొరికినవాటిలో ముఖ్యమైనవి జెల్ పదార్థాలు.

జెల్ అంటే ఏమిటి?

వేసవిలో సబ్జా గింజలు నీళ్లలో వేస్తాము. కాసేపటికి ఒక్కో గింజ చుట్టూ మెత్తని, జారుడుగా ఉండే పొర ఉబ్బుతుంది. ఆ పొరలో ఎక్కువ భాగం నీరే. అయినా అది నీరులా కారిపోదు. కారణం, ఆ నీటిని పట్టి ఉంచే కంటికి కనిపించని వల ఒకటి అందులో ఉంది. ఇలా నీటిని తనలో పట్టి ఉంచి, మెత్తగా ఉంటూనే ఆకారం నిలుపుకునే పదార్థాన్ని హైడ్రోజెల్ అంటారు. క్లుప్తంగా జెల్ అందాము.

మన శరీరంలోని కండరాలు, మృదులాస్థి మొదలైన వాటిలో కూడా నీరే ఎక్కువ. అందువల్ల జెల్ శరీరానికి అంత పరాయిగా ఉండదు. ఈ సంగతి గ్రహించి ప్రేగ్ నగరంలో ఒట్టో విక్టర్లె, ద్రహోస్లావ్ లిమ్ అనే శాస్త్రవేత్తలు శరీరంలో వాడదగిన జెల్ గురించి 1960లో ఒక వ్యాసం ప్రచురించారు. 1961 క్రిస్మస్ రోజులలో విక్టర్లె తన ఇంట్లోనే, పిల్లల ఆటసామాను బిగించి, సైకిలు డైనమో తగిలించి ఒక చిన్న యంత్రం తయారుచేసుకుని, దానిమీద జెల్‌తో కళ్లలో పెట్టుకునే మెత్తని లెన్సులు చేశాడు. ఈనాడు ఎందరో పెట్టుకునే కాంటాక్టు లెన్సులకు అదే ఆరంభం. కంటిలో ఇమిడిన జెల్ తరువాతి కాలంలో రక్తనాళాలలో కూడా ఇమిడింది.

రక్తనాళాలలో వాడే జెల్ రకాలు

మొదటిది, జెలటిన్ స్పాంజి. ఇది 1940ల నుండి ఆపరేషన్లలో రక్తం ఆపడానికి వాడుతున్న పాత పదార్థం. తెల్లగా, తేలికగా, థర్మోకోల్ ముక్కలా ఉంటుంది. దానిని చిన్న ముక్కలుగా కోసి, ఎక్స్‌రేలో కనిపించే రంగు మందులో నానబెట్టి, రెండు సిరంజిల మధ్య అటూ ఇటూ నెట్టి, పలుచని జావలా చేసి గొట్టం ద్వారా ఎక్కిస్తారు. నాళంలో అది ఇరుక్కుంటుంది. దాని చుట్టూ రక్తం గడ్డకట్టి దారి మూసుకుంటుంది. దీని ప్రత్యేకత ఏమిటంటే, ఇది శాశ్వతం కాదు. కొన్ని వారాలలో శరీరం దానిని కరిగించుకుంటుంది. నాళం మళ్లీ తెరుచుకుంటుంది.

రెండవది, జెల్ రేణువులు. ఇవి సన్న రవ్వ గింజల్లాంటి గుండ్రని పూసలు. సాధారణంగా మిల్లీమీటరులో మూడో వంతు నుండి ముప్పాతిక వంతు వరకు పరిమాణం ఉంటాయి. కొన్ని జెలటిన్ కలిపి చేసినవి, కొన్ని పాలీవినైల్ ఆల్కహాల్ అనే పదార్థంతో చేసినవి. పేరులో ఆల్కహాల్ ఉన్నంత మాత్రాన ఇది సారా కాదు, కంగారు పడవద్దు. ఈ పూసలు చాలా మటుకు కరగవు, శాశ్వతంగా ఉండిపోతాయి. కాలేయ క్యాన్సర్ రోగులలో కొన్ని రకాల పూసలకు క్యాన్సర్ మందు పట్టించి పంపుతారు. అవి కణితికి రక్తం అందకుండా చేస్తూనే, మందును కొద్దికొద్దిగా అక్కడే విడుదల చేస్తాయి.

మూడవది, జెల్ పూసిన తీగచుట్టలు. ఇవి వెంట్రుకంత సన్నని ప్లాటినం చుట్టలు. రక్తం తగిలితే పైన ఉన్న జెల్ సబ్జా గింజలా ఉబ్బి ఖాళీలను నింపుతుంది. మెదడులో బుడగలా ఉబ్బిన రక్తనాళాలను పూడ్చడానికి ఇలాంటివి వాడతారు.

నాలుగవది, ఇటీవల వచ్చిన సిరంజి జెల్. గోరింటాకు కోన్ చూశారు కదా! నొక్కితే ముద్ద బయటికి వస్తుంది, నొక్కడం ఆపితే పెట్టిన చోటే గీతలా నిలబడుతుంది. సరిగ్గా అలాంటి గుణం ఉన్న జెల్‌ను జెలటిన్‌తో, అతి సూక్ష్మమైన బంకమట్టి రేణువులతో కలిపి అమెరికాలోని పరిశోధకులు తయారుచేసి, జంతువులలో పరీక్షించి 2016లో ప్రకటించారు. ఈ కోవకు చెందిన ఒక జెల్‌కు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022లో అనుమతి ఇచ్చింది. గొట్టంలో నెట్టినంతసేపు జారుతుంది, నాళంలోకి చేరగానే నిలబడి దానిని నిండుగా పూడ్చేస్తుంది.

ఇందులో గొప్ప ఏమిటి? స్పాంజి గాని, తీగచుట్ట గాని పూర్తిగా పనిచేయాలంటే రోగి రక్తం కూడా గడ్డకట్టి సాయం చేయాలి. కానీ బాగా రక్తం పోయినవారిలో, లివరు చెడినవారిలో, రక్తం పలచబడే మందులు వాడేవారిలో ఆ సాయం దొరకదు. ఈ జెల్ దానికోసం ఎదురు చూడదు. తానే నాళాన్ని నింపుతుంది.

అయితే కొత్తది కాబట్టి అన్నిటికంటే మంచిదని అనుకోకూడదు. కింది పేగులలో రక్తస్రావానికి ఇలాంటి జెల్‌ను ఒక విధంగా వాడినప్పుడు పేగుకే రక్తం అందక ప్రమాదం జరిగే అవకాశం ఉందని 2025లో అమెరికాలో హెచ్చరిక వెలువడి, వాడే సూచనలను మార్చారు. నిండుగా పూడ్చే గుణమే అక్కడ ముప్పు అయింది. మన రాష్ట్రాలలో చాలాచోట్ల రోజువారీగా వాడేవి జెలటిన్ స్పాంజి, రేణువులు, తీగచుట్టలు, జిగురు మందులే. వాటితో కూడా ప్రాణాలు నిలబడుతున్నాయి. కాబట్టి "కొత్త జెల్ ఎందుకు వాడలేదు?" అని మథనపడవద్దు. ఏ చోటికి ఏది తగినదో అదే మంచి మందు.

మొదటి ప్రశ్న: ఏ రక్తనాళాన్ని మూస్తారు?

"రక్తం అందకపోతే ఆ అవయవం చచ్చిపోదా?" అని మీరు అడగవచ్చు. మన శరీరంలో చాలా అవయవాలకు రక్తం ఒకే దారిన కాక రెండు మూడు దారులలో అందుతుంది. ఆ ఏర్పాటే ఈ వైద్యానికి ఆధారం. సృష్టికర్త జ్ఞానం ఇందులో కూడా కనిపిస్తుంది.

కాలేయానికి వచ్చే రక్తంలో సుమారు నాలుగింట మూడు వంతులు పేగుల నుండి వచ్చే పెద్ద సిర ద్వారా వస్తుంది. మిగిలినది ధమని ద్వారా వస్తుంది. కానీ కాలేయంలో పెరిగే క్యాన్సర్ కణితి మాత్రం ఎక్కువగా ధమని మీదనే ఆధారపడుతుంది. కాబట్టి ధమని కొమ్మను మూస్తే కణితి ఎండుతుంది, మంచి భాగం బ్రతుకుతుంది. సిర దారి ముందే మూసుకుపోయి ఉన్నవారిలో ఈ లెక్క తప్పుతుంది. అందుకే ముందుగా స్కానింగు చేసి చూస్తారు.

ఊపిరితిత్తులకు కూడా రెండు దారులున్నాయి. గుండె నుండి వచ్చే పెద్ద నాళాలు ఒకటి, శ్వాసనాళాలను పోషించే సన్నని బ్రాంకియల్ ధమనులు రెండవది. దగ్గులో ఎక్కువగా రక్తం పడేవారిలో చాలామందికి అది ఈ రెండవ దారి నుండే వస్తుంది. గర్భసంచికి రెండు పక్కల గర్భాశయ ధమనులతో పాటు అండాశయాల వైపు నుండి కూడా రక్తం అందుతుంది.

ఇలాంటి రెండో దారి లేని చోట్లు కూడా ఉన్నాయి. మెదడు, గుండె, మూత్రపిండాలలో ఒక కొమ్మ మూసుకుంటే దాని కింద ఉన్న భాగం దెబ్బతింటుంది. అక్కడ చేయవలసి వస్తే లాభనష్టాలు ఎంతో జాగ్రత్తగా తూచి చేస్తారు. కనుక మీ మొదటి ప్రశ్న ఇది: "డాక్టరుగారూ, ఏ నాళాన్ని మూస్తున్నారు? ఆ భాగానికి వేరే దారిలో రక్తం అందుతుందా?"

రెండవ ప్రశ్న: ఎంతకాలం మూసి ఉంచుతారు?

దీనికి జవాబు జబ్బును బట్టి ఉంటుంది. రెండు ఉదాహరణలు చూద్దాము.

కాన్పు తరువాత రక్తస్రావం: నెలలు నిండిన గర్భిణిలో గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం వెళుతూ ఉంటుంది. బిడ్డ పుట్టాక గర్భసంచి గట్టిగా ముడుచుకుంటేనే ఆ నాళాలు మూసుకుంటాయి. ముడుచుకోకపోతే కొద్ది నిమిషాలలోనే తల్లి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టర్లు ముందుగా గర్భసంచి ముడుచుకునే మందులు, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే మందులు ఇస్తారు. లోపల బెలూను పెట్టి ఒత్తిడి కలిగిస్తారు. వీటికి లొంగకపోతే గర్భసంచి తీసివేయవలసి రావచ్చు. 1979 నుండి మరొక దారి కూడా ఉంది. అదే రెండు వైపుల గర్భాశయ ధమనులనూ లోపలి నుండి మూయడం. ఇక్కడ ఎక్కువగా వాడేది కరిగిపోయే జెలటిన్ స్పాంజి. ఎందుకు? గర్భసంచి కోలుకునే వరకు మూసి ఉంటే చాలు. తరువాత నాళం తెరుచుకుంటుంది. చాలామందికి నెలసరి తిరిగి వస్తుంది. తరువాత గర్భం ధరించినవారు కూడా ఉన్నారు. అయితే మరుసటి కాన్పులో మళ్లీ రక్తస్రావమయ్యే అవకాశం, మాయ అతుక్కుపోయే అవకాశం ఎక్కువ. కాబట్టి ఆ కాన్పు తప్పనిసరిగా రక్తం దొరికే పెద్ద ఆసుపత్రిలోనే జరగాలి.

ఇక్కడ అత్తమామలకు, భర్తకు ఒక మాట. ఈ వైద్యానికి క్యాథ్‌ల్యాబ్ కావాలి, శిక్షణ పొందిన ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు కావాలి. అవి దగ్గరలో లేనప్పుడు, లేదా తల్లి పరిస్థితి క్షణక్షణానికి దిగజారుతున్నప్పుడు, గర్భసంచి తీసివేయడమే ఆమెను బ్రతికించే దారి కావచ్చు. "ఇంకా పిల్లలు కావాలి, గర్భసంచి తీయవద్దు" అని బేరాలాడుతూ కూర్చుంటే ఆ బిడ్డకు తల్లి లేకుండా పోతుంది. ఏ దారి అనేది డాక్టరు నిర్ణయానికి వదలండి. నిమిషాలు వృథా చేయకండి.

దగ్గులో రక్తం: మన ప్రాంతంలో దీనికి పెద్ద కారణం టీబీ, లేక ఎప్పుడో వచ్చి తగ్గిన టీబీ మిగిల్చిన మచ్చలు, గుంటలు. ఆ గుంటల చుట్టూ బ్రాంకియల్ ధమనులు లావెక్కి, పలచబడి, ఏదో ఒక రోజు చిట్లుతాయి. అలాంటి నాళాలను మూసి రక్తం ఆపే పద్ధతిని 1970లలో ఫ్రాన్స్ దేశపు డాక్టరు జాక్ రెమీ ప్రవేశపెట్టాడు. ఇక్కడ కరిగిపోయే స్పాంజి ఒక్కటే వాడితే, అది కరిగాక మళ్లీ రక్తం పడవచ్చు. అందుకని ఎక్కువగా కరగని రేణువులు వాడతారు. వెన్నుపాముకు రక్తం ఇచ్చే సన్నని నాళం కొందరిలో ఈ ధమనుల నుండే బయలుదేరుతుంది. పొరపాటున రేణువులు అందులోకి వెళితే కాళ్లు చచ్చుబడే ప్రమాదముంది. ఇది అరుదు. అయినా దీని కోసమే డాక్టరు రంగు మందు ఎక్కించి పదే పదే ఫొటోలు తీసి చూస్తాడు. అది కనిపిస్తే అక్కడ మందు ఎక్కించడం మానుకోవచ్చు. "ఇంతసేపు లోపల పెట్టి చివరికి ఏమీ చేయలేదు" అని ఆయనను నిందించవద్దు. చేయకూడని చోట చేయకపోవడం కూడా వైద్యమే.

మూడవ ప్రశ్న: మూసిన తరువాత ఏమి చేయాలి?

ఈ పాఠంలో అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇది. రక్తం ఆపడం వేరు, జబ్బు నయం చేయడం వేరు. జెల్ గండిని మూస్తుంది. గండి ఎందుకు పడిందో ఆ కారణాన్ని అది తొలగించదు.

దగ్గులో రక్తం ఆగిన టీబీ రోగి "నయమైపోయింది" అనుకుని ఇంటికి వెళ్లి మాత్రలు మానేస్తే, క్రిములు లోపల బలపడతాయి. కొన్ని నెలల తరువాత కొత్త నాళాలు లావెక్కి మళ్లీ రక్తం పడుతుంది. కళ్లె పరీక్షలో టీబీ క్రిములు ఉన్నట్లు తేలితే పూర్తి కోర్సు మందులు మింగించవలసిన బాధ్యత మీదే. పాత గుంటలో శిలీంధ్రం ముద్దకట్టి ఉంటే దానికి మరో చికిత్స కావాలి. కాలేయ కణితికి ఒకసారి చేస్తే సరిపోకపోవచ్చు. మళ్లీ స్కానింగు చేసి చూడవలసి ఉంటుంది. కాన్పులో రక్తం పోయిన తల్లికి ఇనుము మాత్రలు, మంచి తిండి, విశ్రాంతి కావాలి. జెల్ పోయిన రక్తాన్ని తిరిగి తీసుకురాదు. రక్తం ఎక్కించవలసి వస్తే బంధువులు వెనుకాడకుండా ముందుకు రావాలి.

ఈ ప్రక్రియ ఎలా జరుగుతుంది?

సాధారణంగా రోగికి పూర్తి మత్తు ఇవ్వరు. గజ్జలో గాని, మణికట్టు దగ్గర గాని తిమ్మిరి సూది వేసి, సుమారు రెండు మిల్లీమీటర్ల మందం గల గొట్టాన్ని ధమనిలోకి పంపుతారు. దాని లోపలి నుండి మిల్లీమీటరు కంటే సన్నని మరో గొట్టం వెళుతుంది. ఎక్స్‌రే తెరమీద చూస్తూ, రంగు మందు ఎక్కిస్తూ సరైన కొమ్మను వెతుకుతారు. రంగు మందు వెళ్లినప్పుడు ఒళ్లంతా వేడిగా అనిపిస్తుంది. అది మామూలే అని రోగికి ముందే చెప్పండి. తరువాత జెల్‌ను కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. ఒకటి రెండు గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు పట్టవచ్చు. గజ్జ నుండి చేస్తే ఆ తరువాత కొన్ని గంటలు కాలు కదపకుండా పడుకోవాలి. "కాస్త లేచి కూర్చో నాన్నా, కాఫీ తాగు" అని ప్రేమకొద్దీ లేపకండి. సూది చోట రక్తం పొంగుతుంది.

మీరు దాచకుండా చెప్పవలసిన విషయాలు

1. గుండె జబ్బుకు గాని, పక్షవాతానికి గాని రక్తం పలచబడే మందులు వాడుతున్నారా? మాత్రల అట్ట తెచ్చి చూపించండి.
2. షుగరు ఉందా? ముఖ్యంగా మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడుతున్నారా? మూత్రపిండాల జబ్బు ఉందా? రంగు మందు మూత్రపిండాలకు భారం కావచ్చు.
3. గతంలో స్కానింగు రంగు మందు పడక దద్దుర్లు, ఆయాసం వచ్చాయా?
4. జెలటిన్ పడదా? వైద్యంలో వాడే జెలటిన్ సాధారణంగా పంది చర్మం నుండి గాని, పశువుల నుండి గాని తయారవుతుంది. మత విశ్వాసం వల్ల అభ్యంతరం ఉంటే మొహమాటపడకుండా చెప్పండి. వేరే పదార్థం వీలవుతుందేమో డాక్టరు ఆలోచిస్తారు.
5. టీబీ మందులు మధ్యలో మానేశారా? తిడతారని దాచవద్దు. ఇక్కడ తిట్టడానికి కాదు, బ్రతికించడానికి అడుగుతున్నారు.
6. స్త్రీ అయితే గర్భవతి కావచ్చునేమో చెప్పండి. ఎక్స్‌రే వాడతారు కాబట్టి గర్భవతులైన బంధువులు కూడా ఆ గదిలోకి వెళ్లకూడదు.

తరువాత వచ్చే ఇబ్బందులు

రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం వరకు కొద్దిపాటి జ్వరం, నొప్పి, వికారం ఉండవచ్చు. రక్తం అందని భాగం ఎండుతున్నప్పుడు ఇవి వస్తాయి. మందులతో తగ్గుతాయి. కానీ కింది లక్షణాలలో ఏది కనిపించినా వెంటనే నర్సుకు చెప్పండి. ఇంటికి వెళ్లిన తరువాతైతే 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకురండి.

- మళ్లీ రక్తం పడడం, లేక కాన్పైన తల్లికి గంటలోపే ప్యాడ్ తడిసిపోవడం
- సూది వేసిన చోట వాపు పెరగడం, ఆ కాలు గాని చేయి గాని చల్లబడడం, తెల్లబారడం
- కాళ్లలో బలం తగ్గడం, మూత్రం రాకపోవడం
- తగ్గని కడుపునొప్పి, కడుపు గట్టిపడడం
- చలితో కూడిన ఎక్కువ జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట
- మాట తడబడడం, మగతగా ఉండడం

దగ్గులో రక్తం పడుతున్న రోగిని వెల్లకిలా పడుకోబెట్టకండి. జబ్బు ఏ వైపు ఉందో తెలిస్తే ఆ వైపు కిందికి వచ్చేలా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మంచి ఊపిరితిత్తిలోకి రక్తం దిగకుండా ఉంటుంది. పడిన రక్తాన్ని ఒక గిన్నెలో ఉంచి డాక్టరుకు చూపించండి. ఎంత పోయిందో తెలుస్తుంది.

అపోహలు, వాస్తవాలు

అపోహ: జెల్ శరీరమంతా తిరిగి గుండెకు అడ్డుపడుతుంది.
వాస్తవం: ధమనిలో రక్తం ముందుకే, సన్నని కొమ్మల వైపే ప్రవహిస్తుంది. జెల్ ఆ కొమ్మల్లోనే ఇరుక్కుంటుంది. వెనక్కి పొంగి పక్క నాళంలోకి పోయే ప్రమాదం కొంత ఉంది. అందుకే తెరమీద చూస్తూ నెమ్మదిగా ఎక్కిస్తారు.

అపోహ: కోత లేదు కాబట్టి ఇది చిన్న వైద్యం.
వాస్తవం: రంధ్రం చిన్నదే, పని పెద్దది. దీనికి కూడా ముప్పులున్నాయి. అందుకే సంతకం అడుగుతారు.

అపోహ: రంగు మందు ఎక్కించారు కాబట్టి తల్లి బిడ్డకు పాలు ఇవ్వకూడదు.
వాస్తవం: ఆ మందు పాలలోకి వెళ్లేది అతి స్వల్పం. మామూలుగా పాలు ఆపవలసిన అవసరం రాదు. డాక్టరు వేరే కారణంతో వద్దంటే తప్ప పాలు ఇవ్వవచ్చు.

అపోహ: ప్రార్థించేవారికి ఇలాంటి వైద్యం అవసరం లేదు.
వాస్తవం: సువార్త రాసిన లూకా స్వయంగా వైద్యుడు. ప్రార్థన చేయండి, దానితో పాటు రోగిని వేళకు ఆసుపత్రికి తీసుకురండి. ఒకటి రెండవదానికి అడ్డు కాదు.

గుర్తుంచుకోండి

ఈ వైద్యం ఖర్చుతో కూడినది. ప్రభుత్వ ఆరోగ్య పథకం మీకు వర్తిస్తుందేమో అప్పు చేయకముందే ఆసుపత్రిలోని పథకం కౌంటరులో అడగండి. రోగిని వేరే ఊరికి తరలించవలసి వస్తే, ఆ ఆసుపత్రిలో క్యాథ్‌ల్యాబ్, డాక్టరు, రక్తం ఉన్నాయో లేదో ఇక్కడి డాక్టరు చేత ఫోన్ చేయించి తెలుసుకున్నాకే బయలుదేరండి. దారిలో రెండు మూడు ఆసుపత్రుల చుట్టూ తిరగడం వల్ల పోయే ప్రాణాలు ఎన్నో.

సంతకం పెట్టేముందు ఈ మూడు ప్రశ్నలు అడగండి: ఏ నాళం? ఎంతకాలం? ఆ తరువాత ఏమిటి? జవాబు అర్థం కాకపోతే మరొకసారి తెలుగులో చెప్పమని అడగండి. అలా అడగడం మీ హక్కు, నెమ్మదిగా చెప్పడం మా బాధ్యత. ఇంట్లో ఒక్కరికి కాక ఇద్దరికి ఆ జవాబు తెలిసి ఉండాలి. డిశ్చార్జి కాగితం, అందులో రాసిన పదార్థం పేరు, తేదీ భద్రంగా దాచుకోండి. ఐదేళ్ల తరువాత మరో డాక్టరు "అప్పుడు ఏమి పెట్టారు?" అని అడిగితే ఆ కాగితమే జవాబు చెబుతుంది.